పాత దుప్పి కొమ్ములను బాగుచేసి గోడకు బిగించడం: కాగితాల నుంచి గోడ మేకు దాకా

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని పాత ఇళ్లలోనూ, విజయవాడ వన్‌టౌన్ మేడల్లోనూ, పల్నాడు వైపు మండువా లోగిళ్లలోనూ హాల్లో గోడ మీద దుప్పి కొమ్ములు ఉండేవి. కండువా తగిలించేవారు, గొడుగు వేలాడదీసేవారు, పెళ్లిళ్లప్పుడు మామిడి తోరణం దారం కూడా వాటికే కట్టేవారు. ఇప్పుడు ఆ ఇళ్లు అపార్ట్‌మెంట్లకు ఇచ్చేస్తుంటే కొమ్ములు అటక మీద నుంచి దిగుతున్నాయి. దుమ్ము, పొగ మసి, సున్నం చుక్కలు, వెనక చెదలు తిన్న పలక. చాలామంది వీటిని కొత్తవాటిలా మెరిపించాలని చూస్తారు. అక్కడే పని చెడుతుంది. కొమ్ముకు చేయాల్సిన పని నిజానికి చాలా తక్కువ. శ్రమంతా దాని వెనక ఉన్న కాగితాల దగ్గర, చెక్క దగ్గర, గోడ దగ్గర ఉంది.

ముందు కాగితాలు

బ్రష్ పట్టుకునే ముందు బీరువా తెరవండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు కొమ్ము ‘ట్రోఫీ’ కిందకు వస్తుంది. తాతగారు ఎప్పుడో కొట్టారని, మామగారు బహుమతిగా ఇచ్చారని నోటితో చెబితే సరిపోదు. అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. పాత ధ్రువపత్రాలు భూమి దస్తావేజులతో కలిసి ట్రంకు పెట్టెల్లో దొరుకుతుంటాయి. అందులో జంతువు పేరు, కొలతలు, గుర్తింపు గుర్తు లాంటి వివరాలు ఉంటే వాటిని కొమ్ముతో సరిచూసుకోండి. ప్రకటించని వాటిని చెప్పుకోవడానికి 2003లో కేంద్రం 180 రోజుల గడువు ఇచ్చింది. అది ఎప్పుడో ముగిసిపోయింది.

2022 సవరణ చట్టం షెడ్యూళ్లను, అంటే ఆ చట్టంలోని జంతువుల, మొక్కల జాబితాలను, ఆరు నుంచి నాలుగుకు తగ్గించి తిరగరాసింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కాబట్టి పాత పుస్తకం చూసి మీ కొమ్ము ఏ షెడ్యూల్‌లో ఉందో తేల్చుకోకండి. ఒక ఫొటో, ధ్రువపత్రం నకలు తీసుకుని జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి వెళ్లి, ఇంట్లోనే శుభ్రం చేసి పలక మార్చుకుంటామని రాతపూర్వకంగా తెలియజేయండి. దీన్ని నేను లాంఛనంగా చెప్పడం లేదు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ ఉత్తరం మీద పడిన ముద్రే మిమ్మల్ని కాపాడేది.

ధ్రువపత్రం లేకపోతే? అప్పుడు ఈ వ్యాసంలోని పని మీది కాదు. శుభ్రం చేయకండి, ఎవరికీ ఇవ్వకండి, రాత్రికి రాత్రి కాలవలో పడేయకండి. తెలిసిన లాయరుతో మాట్లాడి, అటవీ శాఖకు రాతపూర్వకంగా చెప్పి అప్పగించడం మంచిది. ధ్రువపత్రం ఉన్నవారికి కూడా వద్దనుకుంటే స్వచ్ఛందంగా అప్పగించే వీలును 2022 సవరణ 42ఏ సెక్షన్‌గా చేర్చింది. పరిహారం మాత్రం రాదు. ఇక నల్లమల వెళ్లొచ్చినప్పుడు దారిలో దొరికిందని రాలిన కొమ్మును కారు డిక్కీలో వేసుకొచ్చే సరదా ఒకటుంది. జంతువును చంపలేదు కదా అనే వాదన నిలవదు, అది ప్రభుత్వ ఆస్తి. చట్టం ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మొదటి షెడ్యూల్ జంతువైతే శిక్ష మూడేళ్ల నుంచే మొదలై ఏడేళ్ల దాకా వెళ్తుంది. ధ్రువపత్రం ఉన్నా అమ్మకూడదు. ఫోన్‌లో ‘అమ్మబడును’ అని ఫొటో పెట్టడం కూడా నేరమే.

మీ దగ్గర ఉన్నది ఏమిటి?

మన వైపు పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు. చుక్కల దుప్పి కొమ్ములు సన్నగా, నున్నగా, వీణ వంపులా వెనక్కి వెళ్లి ముందుకు తిరుగుతాయి. ఒక్కో కొమ్ముకు మామూలుగా మూడు మొనలు. కణితి, అంటే సాంబర్ జింక, కొమ్ములకూ మూడే మొనలు, కానీ అవి లావుగా, బరువుగా, చెట్టు బెరడులా గరుకుగా ఉంటాయి. మూడోది కృష్ణజింక, అంటే మన రాష్ట్ర జంతువు. దాని కొమ్ము మెలికలు తిరిగి, ఉంగరాలు తొడిగినట్టు ఉంటుంది, చీలికలు ఉండవు.

ఈ తేడా తెలియకుండా పని మొదలుపెట్టకూడదు. దుప్పి, కణితి కొమ్ములు గట్టి ఎముక. రాలిపోయి మళ్లీ పెరుగుతాయి. పైన దట్టంగా, లోపల రవ్వంత బోలుగా స్పాంజిలా ఉంటాయి. కృష్ణజింక కొమ్ము అలా కాదు. లోపల ఎముక, దాని మీద మన గోళ్లలాంటి పదార్థంతో తొడుగు. అది రాలదు. ఆ తొడుగును పురుగు తింటుంది, నీరు తగిలితే పొరలు లేస్తాయి, ఎండిన కొద్దీ లోపలి ఎముక నుంచి వదులై ఊడి చేతిలోకి వస్తుంది. కింద చెప్పే తడి పనులు, రంగు పనులు ఎముక కొమ్ములకే. కృష్ణజింక అయితే పొడి బ్రష్, మెత్తటి గుడ్డ దగ్గర ఆగిపోండి. పైగా అది మొదటి షెడ్యూల్ జంతువు.

తర్వాత పుర్రె వైపు చూడండి. కొమ్ములు రెండూ నుదుటి ఎముక ముక్కతో కలిసి ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా? ఎముక మీద ఎండిన తోలు ఉందా? పలకకు, ఎముకకు మధ్య ప్లాస్టర్ గానీ లప్పం గానీ నింపారా? తోలు ఉంటే, దాని మీద తెల్లటి పొడి కనిపిస్తే చేతి గుడ్డతో దులపకండి. పాతకాలపు ట్రోఫీ తయారీదారులు పురుగు పట్టకుండా పాషాణం, అంటే ఆర్సెనిక్, పూసేవారు. 1900 నుంచి 1999 దాకా నడిచిన మైసూరు వాన్ ఇంగెన్ కంపెనీ కూడా దాన్ని వాడింది. దాని విషం దశాబ్దాలు గడిచినా పోదు. తోలు, జుట్టు ఉన్న తలకాయల జోలికి ఇంట్లో అసలు వెళ్లకండి. వట్టి ఎముక, కొమ్ము మాత్రమే ఉన్నా ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, పిల్లలు లేని చోట పని చేయండి.

అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి. పక్కన టేపు పెట్టి, కొలతలు కనిపించేలా. ఎముక మీద గానీ కొమ్ము మొదట్లో గానీ చెక్కిన అంకెలు, ముద్ర, సీలు ఉంటే దాన్ని దగ్గరగా విడిగా తీయండి. ఆ గుర్తును చెరపడం చట్టరీత్యా తప్పు. అందుకే దాని చుట్టూ రెండంగుళాల మేర ఎమరీ పేపర్, రంగు, మైనం ఏవీ వద్దు.

ఎప్పుడు చేయాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కొమ్ములకూ అదే గతి. విజయవాడ ఎండలో తడి గుడ్డతో తుడిచిన కొమ్మును డాబా మీద ఆరబెడితే పైపొర ముందు ఎండి, లోపలి స్పాంజి తర్వాత ఎండి, నిలువునా సన్న పగులు తెరుచుకుంటుంది. శ్రావణ భాద్రపదాల ముసురులో చేస్తే ఆరదు, బూజు పడుతుంది. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఫ్యాన్ గాలి, నీడ, తలుపులు తెరిచిన గది ఉంటే చాలు.

పాత పలక ఊడదీయడం

చాలా కొమ్ములు విరిగేది ఇక్కడే. తుప్పు పట్టిన మరను బలంగా తిప్పితే ముందు పగిలేది ఎముకే, ఎందుకంటే వందేళ్ల కిందటి నుదుటి ఎముక అప్పడంలా పలచగా ఉంటుంది. కొమ్ములను పట్టుకుని పలకను లాగకండి. బోర్లా తిప్పి, కొమ్ముల కింద పాత దిండ్లు పెట్టి, బరువు మొనల మీద పడకుండా చూసుకోండి.

మర తల గాడిలోని తుప్పును సూదితో గీకండి. సోల్డరింగ్ ఐరన్ మొనను మర తల మీద ఒక నిమిషం ఆనించండి. లోహం వేడికి వ్యాకోచించి, చల్లారాక తుప్పు పట్టు వదులుతుంది. అప్పుడు గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో ముందు బిగించే వైపు రవ్వంత, తర్వాత విప్పే వైపు తిప్పండి. మొండికేస్తే వదిలేయండి. పలకకు, ఎముకకు మధ్య సందులో వట్టి హాక్సా బ్లేడు దూర్చి మరనే కోసేయండి. పాత పలక చెదలు తిన్నదైతే ఇంకా సులువు, ఉలితో చెక్కనే ముక్కలుగా తీసేస్తే మర బయటపడుతుంది. కిరసనాయిలు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టకండి. ఎముక ఆ నూనెను పీల్చుకుని పచ్చటి మరక వేసుకుంటుంది, అది ఇక పోదు.

పాత పలక వెనక కాగితం చీటీ, పేరు, సంవత్సరం, తయారీదారు ముద్ర ఉంటే ఆ ముక్కను దాచండి. పలక పుచ్చిపోయినా సరే. అది కూడా ఆధారమే.

పొడి పని, తర్వాత తడి పని

మెత్తటి పెయింట్ బ్రష్‌తో మొదలు నుంచి మొన వైపు దులపండి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే గొట్టం మూతికి పాత దోమతెర గుడ్డ కట్టి దగ్గరగా పట్టుకోండి, దుమ్ము గాల్లోకి లేవదు. కొమ్ము మొదట్లో ముత్యాల దండలా గరుకుగా ఉండే చుట్టులో దుమ్ము గట్టిపడి ఉంటుంది. దానికి టూత్‌బ్రష్, వెదురు పుల్ల. ఇనప మేకు, చాకు వద్దు.

దీని తర్వాత ఒకసారి వెనక్కి జరిగి చూడండి. సగం కొమ్ములకు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఆ గోధుమ రంగు మురికి కాదు. బతికి ఉన్నప్పుడు జంతువు చెట్లకు, పొదలకు రుద్దుకోగా ఆకు పసరు, బెరడు రసం ఇంకి వచ్చిన రంగు అది. మొనలు తెల్లగా మెరిసేది కూడా ఆ రాపిడికే. దాన్ని ‘క్లీన్’ చేస్తే మిగిలేది కసాయి కొట్టు ఎముక.

ఇంకా జిడ్డు, వంటింటి మసి ఉంటే గిన్నెడు గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కల షాంపూ గానీ పాత్రలు కడిగే లిక్విడ్ గానీ వేయండి. దూదిని ముంచి, గట్టిగా పిండి, జానెడు మేర మాత్రమే తుడవండి. వెంటనే వట్టి నీళ్ల దూదితో, ఆ వెంటనే పొడి గుడ్డతో. అది ఆరాక పక్క జానెడు. బకెట్‌లో నానబెట్టడం, కుళాయి కింద పెట్టడం, ఉడకబెట్టడం ఏవీ చేయకండి.

ఇప్పుడు మన ఇళ్లలో సహజంగా చేతికి వచ్చే కొన్ని వస్తువుల గురించి చెప్పాలి. ఇత్తడి బిందె తోమే చింతపండు, నిమ్మచెక్క, వెనిగర్ దగ్గరకు కూడా రానివ్వకండి. ఎముక అంటే సగానికి పైగా కాల్షియం లవణాలే. పులుపు తగిలితే అవి కరిగి, ఉపరితలం సుద్దముక్కలా మారుతుంది. బట్టల బ్లీచింగ్ ఇంకా ఘోరం. ఎముకను లోపలి నుంచి తినేస్తుంది, ఆరు నెలల తర్వాత పొడి రాలుతుంది. కొబ్బరి నూనె రాస్తే ఆ రోజు బ్రహ్మాండంగా మెరుస్తుంది. కొన్నాళ్లకు ముక్క వాసన, జిగట, దుమ్ము, బొద్దింకలు. ఇంట్లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా ఈ నూనె విషయంలో మాత్రం మొహమాటపడకండి.

సున్నం చుక్కలు పాత కొమ్ముల మీద తప్పనిసరి. ప్రతి సంక్రాంతికీ గోడకు సున్నం వేసినప్పుడు కొమ్ములు దించే ఓపిక ఎవరికుంటుంది? వీటిని పొడిగానే తీయాలి. వెదురు పుల్లను ఉలి మొనలా చెక్కి, చుక్క అంచు కింద దూర్చి లేపితే పెంకులా ఊడుతుంది. ఊడనివి వదిలేయండి.

ఎవరో భక్తిగా ఎనామిల్ పెయింటో వార్నిషో వేసి ఉంటే పని పెరుగుతుంది. వెనక వైపు కనపడని చోట స్పిరిట్ దూదితో పరీక్షించండి. జిగటగా గోధుమ రంగు వస్తే అది లక్క పాలిష్, స్పిరిట్‌తోనే నిదానంగా పోతుంది. కదలకపోతే అసిటోన్ దూదిని రెండు నిమిషాలు ఆనించి, మెత్తబడిన పొరను పుల్లతో తీయాలి. స్టవ్ ఉన్న గదిలో ఈ పని వద్దు, పొయ్యి, దేవుడి దీపం, సిగరెట్ అన్నీ దూరంగా ఉండాలి. పాత ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దకండి. నిజం చెప్పాలంటే, పెయింట్ సమంగా ఉంటే నేనైతే అలాగే ఉంచమంటాను. అది కూడా ఆ ఇంటి చరిత్రే.

నుదుటి ఎముక

కొమ్ముకు రంగు ఉండాలి, నుదుటి ఎముక తేటగా ఉంటే రెండూ విడివిడిగా తెలిసి అందంగా ఉంటాయి. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతంది, ‘20 వాల్యూమ్’ అని రాసి ఉండేది చాలు. సమాన భాగం నీళ్లు కలపండి. ముందు కొమ్ము మొదటి చుట్టుకు వాజిలిన్ దట్టంగా పట్టించండి. పెరాక్సైడ్ అక్కడికి పాకితే కొమ్ము మీద తెల్ల పట్టీ పడిపోతుంది. గ్లవ్స్ వేసుకుని, దూదితో ఎముక మీద మాత్రమే అద్దండి. నురగ ఆగాక తడి దూదితో తుడిచి, నీడలో ఆరనివ్వండి. పాల తెలుపు కోసం మళ్లీ మళ్లీ వేయకండి. పాత ఏనుగు దంతం రంగు దగ్గర ఆగితే సహజంగా ఉంటుంది.

పగుళ్లు, విరిగిన మొనలు, వెలిసిన రంగు

నిలువు పగుళ్లను నింపకండి. అవి వాన కాలంలో మూసుకుంటాయి, ఎండకాలంలో తెరుచుకుంటాయి. మధ్యలో గట్టి లప్పం పెడితే మూసుకునే చోటు లేక పక్కన కొత్త పగులు వస్తుంది. ఎలుకలు, ఉడుతలు కొరికిన గాట్లు కూడా అంతే. అవి కాల్షియం కోసం కొమ్ములు కొరుకుతాయి, ఆ సమాంతర పళ్ల గీతలు చూడ్డానికి బాగానే ఉంటాయి.

మొన విరిగి ముక్క మీ దగ్గరే ఉంటే అతికించొచ్చు. రెండు వైపులా విరిగిన ముఖాలను బ్రష్‌తో శుభ్రం చేసి, ముందు పొడిగా జోడించి చూడండి. చిన్న మొనకు అరాల్డైట్ ఒక్కటే చాలు. బరువైన కణితి మొనకు లోపల 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ పెట్టాలి, ఒక్కో వైపు రెండు సెంటీమీటర్ల లోతు. రంధ్రాలు ఎదురెదురుగా రావడానికి ఒక కిటుకు ఉంది. ఒక వైపు రంధ్రం చేసి, తల తీసేసిన పొట్టి మేకును మొన బయటికి ఉండేలా అందులో పెట్టి, రెండో ముక్కను జోడించి నొక్కండి. మేకు మొన గుచ్చుకున్న చోటే రెండో రంధ్రం. జిగురును అంచుల దాకా పూయకండి, నొక్కినప్పుడు బయటికి పొంగుతుంది. పొంగితే గట్టిపడకముందే స్పిరిట్ గుడ్డతో తుడవండి. మాస్కింగ్ టేపుతో కట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి.

పోయిన మొనను ఎం-సీల్‌తో కొత్తగా చేసి పెట్టాలనిపిస్తుంది. చేతి నైపుణ్యం ఉన్నవాళ్లు అచ్చు గుద్దినట్టు చేయగలరు కూడా. అయితే ధ్రువపత్రంలో రాసిన పొడవు ఒకటి, గోడ మీద పొడవు ఇంకొకటి అయితే, ఆ వస్తువు ఇదేనా అన్న ప్రశ్న వస్తుంది. విరిగిన మొనను విరిగినట్టే ఉంచడం నా సలహా.

కొండపల్లి బొమ్మల వాళ్లు వాడే మక్కు, అదే చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద, కూడా అడుగుతుంటారు. పొణికి చెక్క మీద దానికి సాటి లేదు. ఎముక మీద మాత్రం వద్దు. చెమ్మకు మెత్తబడుతుంది, పురుగుకు విందు.

ఎండకు వెలిసి తెల్లబడ్డ కొమ్ముకు రంగు తేవడానికి పొటాషియం పర్మాంగనేట్ పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. చిటికెడు స్ఫటికాలు గ్లాసు నీళ్లలో వేస్తే ఊదా రంగు వస్తుంది. బ్రష్‌తో పూసినప్పుడు కొమ్ము ఊదాగా మారితే కంగారుపడకండి, ఆరే కొద్దీ కాసేపట్లో గోధుమ రంగులోకి తిరుగుతుంది. పలచగా మొదలుపెట్టి, ఆరాక చాలకపోతే ఇంకో పూత. మొదట్లో గాడుల్లో ముదురుగా, మొనల వైపు పోనుపోను లేతగా ఉండాలి. మొనలను తడి గుడ్డతో వెంటనే తుడిచేస్తే సహజమైన తెలుపు నిలుస్తుంది. ఇది చేతులకు అంటితే రోజుల తరబడి పోదు, గ్లవ్స్ తప్పనిసరి. నుదుటి ఎముక మీద చుక్క పడకుండా పాలిథీన్ కవర్ చుట్టండి.

చివరి పూత మైనం. 50 గ్రాముల తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టిన చిన్న గిన్నెలో కరిగించి, పొయ్యి ఆర్పి, బయటికి తెచ్చాక 150 మిల్లీలీటర్ల టర్పెంటైన్ కలపండి. మంట మీద ఉండగా కలిపితే అంటుకుంటుంది. చల్లారాక వెన్నలా అవుతుంది. గుడ్డతో బహు పలచగా రాసి, అరగంట తర్వాత పొడి గుడ్డతో రుద్దితే మెత్తటి మెరుపు వస్తుంది. వార్నిష్ వేస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది, తర్వాత తీయడమూ కష్టం.

పలక

కొమ్ములను వడ్రంగి దగ్గరకు తీసుకెళ్లకండి. దారిలో ఎవరైనా ఆపితే అదో టెన్షన్, పైగా జంతు ట్రోఫీల పని వ్యాపారంగా చేయడానికి లైసెన్సు కావాలి. ఆయన్నీ ఇరికించినట్టవుతుంది. పాత క్యాలెండర్ అట్ట మీద నుదుటి ఎముక అడుగు భాగాన్ని పెన్సిల్‌తో గీసి, చుట్టూ ఎంత చెక్క కనపడాలో కలుపుకుని, మీకు నచ్చిన డాలు ఆకారం కత్తిరించండి. ఆ అట్ట పట్టుకెళితే చాలు. పలక మరీ పెద్దదైతే కొమ్ములు చిన్నబోతాయి. చుక్కల దుప్పికి అడుగు పొడవు, ఎనిమిది తొమ్మిది అంగుళాల వెడల్పు చూడ్డానికి నిండుగా ఉంటుంది. కణితికి ఇంకొంచెం పెంచండి.

చెక్క ఏదైనా బాగా ఆరినదై ఉండాలి. టేకు మేలు. కొత్త టేకు కంటే పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన తలుపు చెక్క ఇంకా మేలు, అది ఎప్పుడో వంగాల్సినంత వంగిపోయి స్థిరపడి ఉంటుంది. అంగుళం మందం తీసుకోండి. మామిడి చెక్క చౌక, కానీ పుచ్చు పడుతుంది. చెక్కలో సూది బెజ్జాలు, కింద పిండి కనిపిస్తే ఎంత అందమైన చారలున్నా తిరస్కరించండి. లక్క పాలిష్ వేయించేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పండి, వెనక వైపూ వేయాలని. ముందు ఒక్కటే వేస్తే వెనక నుంచి చెమ్మ పీల్చుకుని పలక వంగుతుంది. పాలిష్ వాసన పూర్తిగా పోయాకే కొమ్ములు బిగించాలి.

బిగింపు

మరను నేరుగా పుర్రెలోంచి పలకలోకి దించితే బరువంతా ఆ పలచటి ఎముక మోయాలి. దానికి బదులు, ఎముక లోపలి గుంటలో కూర్చునేలా ఒక చెక్క దిమ్మను చెక్కించుకోండి. అట్టతో పాటు ఆ గుంట అచ్చును గోధుమపిండి ముద్దతో తీసి ఎండబెట్టి ఇస్తే వడ్రంగికి అర్థమవుతుంది. పిండి అంటకుండా ముందు ఎముక మీద పలచటి పాలిథీన్ పరవండి. దిమ్మ అడుగును కొంచెం ఏటవాలుగా కోయించాలి. అలా కోయిస్తేనే కొమ్ములు గోడకు అతుక్కోకుండా, నిటారుగా పైకి లేవకుండా, జంతువు తలెత్తి చూస్తున్న కోణంలో నిలుస్తాయి. ఆ కోణాన్ని దిమ్మ కింద మడిచిన అట్టలు పెట్టి, పది అడుగుల దూరం నుంచి చూసి తేల్చుకోండి.

ఎముకలో పాత రంధ్రాలు ఉంటే వాటినే వాడండి, కొత్తవి వద్దు. పాత రంధ్రంలోంచి ఇత్తడి మరను, కింద తోలు వాషర్ పెట్టి, దిమ్మలోకి దించండి. దిమ్మలో ముందే సన్న రంధ్రం చేసి ఉండాలి. చేత్తోనే బిగించండి, డ్రిల్ మెషీన్‌తో కాదు. కదలడం ఆగితే చాలు. తర్వాత దిమ్మను పలక వెనక నుంచి రెండు మరలతో పట్టించండి. ఇలా చేస్తే రేపు పలక మార్చాల్సి వచ్చినా ఎముకను ముట్టుకోనక్కర్లేదు.

పుర్రె లేకుండా విడివిడి కొమ్ములైతే అడుగున డ్రిల్ చేసి కడ్డీ దించేవాళ్లు ఉన్నారు. నాకది నచ్చదు. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా అట్ట కొలత ఇస్తే అంగుళం వెడల్పు ఇత్తడి పట్టీని వంచి ఇస్తారు. లోపల తోలు అతికించి, ఆ ఊయలలో కొమ్మును కూర్చోబెట్టి పలకకు పట్టించండి.

గోడ

పాత గుంటూరు ఇళ్ల గోడలు సున్నం, మట్టి కట్టుబడి. పైన పూత గట్టిగానే ఉంటుంది, డ్రిల్ అంగుళం దాటగానే ఇసుక రాలుతుంది. అలాంటి చోట ప్లాస్టిక్ ప్లగ్గు మూడు నెలలకు ఊడి వస్తుంది. రెండు ఇటుకల మధ్య కాకుండా ఇటుక మధ్యలోనే రంధ్రం వచ్చేలా చూసి, మూడంగుళాల లోతుకు వెళ్లి, ఆరిన టేకు మేకును దిగ్గొట్టి, అందులోకి మర దించాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు తేలికపాటి సిమెంట్ బ్లాకులు. వాటికి ప్రత్యేకమైన ప్లగ్గులు వన్‌టౌన్, పట్నం బజార్ హార్డ్‌వేర్ షాపుల్లో ‘బ్లాక్ గోడకు’ అని అడిగితే ఇస్తారు. కాంక్రీటు పిల్లరు దొరికితే అదృష్టం, 8 మిల్లీమీటర్ల ఫాస్టెనర్లు చాలు. ఏ గోడైనా ఆధారాలు రెండు ఉండాలి, ఒకదాని మీద వేలాడితే తలుపు వేసినప్పుడల్లా పలక పక్కకు ఒరుగుతుంది. కొమ్ములు ఎక్కించే ముందు వాటికి రెట్టింపు బరువున్న బియ్యం సంచిని ఒక రాత్రి వేలాడదీసి చూడండి.

మొనలు మనిషి కంటి ఎత్తులో ఉండకూడదు, కింది మొన ఆరున్నర అడుగుల పైన ఉండాలి. పడమటి కిటికీ ఎండ, ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, వంటింటి గోడ, బాత్‌రూమ్ వెనక గోడ వద్దు. వానాకాలంలో చెమ్మ కనపడే గోడ అయితే పలక వెనక నాలుగు మూలలా రబ్బరు బొడిపెలు అతికించి గాలి ఆడేలా చేయండి.

ఆ తర్వాత

నెలకోసారి పొడి బ్రష్ చాలు. తొలకరికి ముందు ఒకసారి దించి వెనక చూడండి, చెదల మట్టి గీతలు గోడ మీద మొదలయ్యేది అప్పుడే. చెదలు ఎముకను తినవు, పలకను తింటాయి, పలక పోతే కొమ్ములు కింద పడతాయి. పాత తోలు పీలికలు మిగిలి ఉంటే వాటిలో బొచ్చు పురుగులు చేరతాయి. నేల మీద గోధుమ రంగు పొట్టు కనిపిస్తే అదే గుర్తు. కలరా ఉండలు పలక వెనక కట్టేవాళ్లున్నారు, హాల్లో మనుషులు ఆ గాలి పీల్చడం తప్ప పెద్ద ప్రయోజనం ఉండదు. పీలికలను తీసేయించుకోవడమే మందు.

ధ్రువపత్రం నకలును ప్లాస్టిక్ కవరులో పెట్టి పలక వెనక అతికించండి. అసలు బీరువాలో ఉండనివ్వండి. ఇల్లు మారి వేరే రాష్ట్రానికి వెళితే, చేరిన 30 రోజుల్లోపు అక్కడి అటవీ శాఖకు తెలియజేయాలి. ఇంటి పెద్ద పోయాక మొదటి షెడ్యూల్ జంతువుకు చెందిన ట్రోఫీ వారసత్వంగా వస్తే, 90 రోజుల్లోపు వారసుడు తన పేరున ప్రకటన దాఖలు చేయాలి. మిగతావాటికి కూడా అదే గడువులో పేరు మార్పు కోసం అడగడం మంచిది. ఆస్తి పంపకాల హడావుడిలో ఈ 90 రోజులు ఇట్టే గడిచిపోతాయి, కాబట్టి ఆ కవరు మీదే గడువు సంగతి పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.